ఏ లెన్స్ కొనాలో మీ ఫోటోలే చెప్తాయి: లెన్స్ ఎంపికకి సమగ్ర మార్గదర్శి

పోర్ట్రెయిట్‌కి ఏ లెన్స్ బావుంటుంది, పక్షులకి 300 ఎంఎం లెన్స్ సరిపోతుందా, 50 తీస్కోవాలా 35 తీస్కోవాలా... మళ్ళీ మళ్ళీ ఇవే అడుగుతున్నారు. ఒక్క ముక్కలో నంబర్ చెప్పేయొచ్చు గానీ అలా చెప్తే సగం మందికి తప్పు లెన్స్ అంటగట్టినట్టే, ఎందుకంటే మీ కెమెరా వేరు, మీరు నిలబడే దూరం వేరు, మీకు దొరికే వెలుతురు వేరు. కాబట్టి నంబర్ కాకుండా, ఆ నంబర్ మీరే తేల్చుకునే పద్ధతి రాస్తున్నాను. వరసలో చేయండి, మధ్యలోంచి మొదలుపెట్టొద్దు.

## 1. ముందు మీ పాత ఫోటోలు లెక్కపెట్టండి

కంప్యూటర్‌లో మీరు తీసిన ఫోటోల్లో ఒక 200 తీస్కోండి. ప్రతి ఫోటో ఇన్ఫోలో ఏ ఫోకల్ లెంత్‌లో (లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే ఎంఎం నంబర్) తీశారో ఉంటుంది. ఒక పేపర్ మీద 18, 24, 35, 55 అని రాసుకుని గీతలు పెట్టుకుంటూ వెళ్ళండి, అరగంట పని అంతే.

తర్వాత పాడైన ఫోటోలు చూడండి. ఇవి అసలైనవి. ఒక్కో ఫోటో ఎందుకు పాడైందో ఈ నాలుగింట్లో ఒకటి రాయండి:

- అందలేదు (వస్తువు మరీ చిన్నగా పడింది)
- పట్టలేదు (వెనక్కి జరగడానికి చోటు లేదు, ఫ్రేమ్‌లో అందరూ రాలేదు)
- వెలుతురు చాల్లేదు (షేక్ అయింది, లేదా గింజలు గింజలుగా నాయిస్ వచ్చింది)
- దగ్గరికి ఫోకస్ అవ్వలేదు

ఏ గడిలో ఎక్కువ గీతలు పడ్డాయో ఆ ఇబ్బంది తీర్చే లెన్సే మీకు కావాల్సింది. అందకపోతే టెలిఫోటో (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపేది), పట్టకపోతే వైడ్ (ఎక్కువ చోటు పట్టేది), వెలుతురు చాలకపోతే అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) పెద్దదైన ప్రైమ్ (జూమ్ లేని లెన్స్), దగ్గరికి కావాలంటే మాక్రో.

నా సంగతే చెప్తాను. నాకు టెలిఫోటో కావాలని గట్టిగా అనిపించి 70-300 కొన్నాను. ఆ తర్వాతెప్పుడో ఇలా లెక్కపెడితే నా ఫోటోల్లో ఎక్కువ శాతం 30-40 మధ్యలో, ఇంట్లో, సాయంత్రం లైట్ల కింద తీసినవే, ప్రతి దాంట్లో మొహం బాగానే ఉంది గానీ చేతులు కదిలి చెరిగిపోయి ఉన్నాయి. నాకు కావాల్సింది 35 ఎఫ్ 1.8 (ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే అపర్చర్ అంత పెద్దది). ఆ అరగంట పని ముందే చేసుంటే అప్పుడే తెలిసేది.

## 2. మౌంటూ సెన్సారూ సరిచూసుకోండి

మౌంట్ (కెమెరాకి లెన్స్ బిగిసే చోటు) కలవకపోతే ఎంత మంచి లెన్సైనా మీ కెమెరాకి ఎక్కదు. కానన్ డీఎస్ఎల్ఆర్‌కి (లోపల అద్దం ఉండే పాతరకం కెమెరా) ఈఎఫ్, మిర్రర్‌లెస్‌కి (ఆ అద్దం లేనిది) ఆర్ఎఫ్. నికాన్‌కి ఎఫ్, జెడ్. సోనీ మిర్రర్‌లెస్‌కి ఈ, ఫ్యూజీకి ఎక్స్. సిగ్మా, టామ్రాన్ లాంటి వాళ్ళు ఒకే లెన్స్‌ని రెండు మూడు మౌంట్లలో అమ్ముతారు, కాబట్టి లెన్స్ పేరు కరెక్ట్‌గా ఉన్నా మౌంట్ తప్పు పడొచ్చు, ఆర్డర్ పెట్టేముందు మళ్ళీ ఒకసారి చదవండి.

పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ని అడాప్టర్ పెట్టి మిర్రర్‌లెస్‌కి వాడుకోవచ్చు. రివర్స్‌లో కుదరదు. కారణం దూరమే: కానన్ ఈఎఫ్‌లో మౌంట్ నుంచి సెన్సార్‌కి (ఫోటో పడే చిప్) 44 ఎంఎం, ఆర్ఎఫ్‌లో 20 ఎంఎం. నికాన్ ఎఫ్‌లో 46.5, జెడ్‌లో 16. కొత్త బాడీలో మిగిలిన ఆ ఖాళీలో అడాప్టర్ కూర్చుంటుంది, పాత బాడీలో అంత ఖాళీ లేదు.

ఎక్కువమంది దెబ్బతినే రెండు చోట్లు:

- నికాన్ డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. పాత ఏఎఫ్-డి లెన్స్ పెడితే ఎక్కుతుంది, ఫోటో వస్తుంది, ఆటోఫోకస్ మాత్రం పనిచేయదు. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ ఉందో లేదో చూస్కోండి, ఏఎఫ్-పి అయితే ఈ సిరీస్‌లో పాత బాడీలు కొన్నిట్లో పనిచేయదు.
- కానన్ ఈఎఫ్-ఎస్ లెన్స్ (చిన్న సెన్సార్ బాడీలకి చేసింది) ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) డీఎస్ఎల్ఆర్‌కి ఎక్కదు. రేపు బాడీ మార్చే ఆలోచన ఉంటే ఇది లెక్కలో పెట్టుకోండి.

ఇక సెన్సార్. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 × 24 ఎంఎం. అంతకంటే చిన్న క్రాప్ సెన్సార్ అయితే ఫోటో అంచులు కోసేసినట్టు ఉంటుంది కాబట్టి ఫోకల్ లెంత్ పెరిగినట్టు కనిపిస్తుంది. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ బాడీలకి 1.5తో, కానన్‌కి 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్‌కి (ఒలింపస్, పానసోనిక్‌లలో ఉండే ఇంకా చిన్న సెన్సార్) 2తో గుణించుకోండి. అంటే క్రాప్ బాడీ మీద 50 పెడితే ఫుల్ ఫ్రేమ్ మీద 75-80 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. ఎవరైనా "35 సూపర్ బ్రో" అని చెప్తే ముందు వాళ్ళ బాడీ ఏంటో అడగండి.

## 3. లెన్స్ మీద రాసింది చదవడం

కిట్ లెన్స్ (కెమెరాతో పాటు వచ్చేది) మీద 18-55 ఎంఎం, 3.5-5.6 అని ఉంటుంది కదా. 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది, 55కి జూమ్ చేస్తే 5.6కి పడిపోతుంది. చాలామందికి ఈ రెండో ముక్క తెలీదు, జూమ్ చేసిన కొద్దీ ఫోటోలు షేక్ అవుతుంటే చెయ్యి వణికింది అనుకుంటారు.

అపర్చర్ వరస ఇలా ఉంటుంది: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఒక్కో మెట్టుకి వెలుతురు సగం అవుతుంది. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 2.8కి వస్తే నాలుగింతలు, ఎఫ్ 1.8కి వస్తే దాదాపు పదింతలు. ఎఫ్ 5.6లో ఐఎస్ఓ (సెన్సార్ వెలుతురుకి ఎంత స్పందించాలో చెప్పే నంబర్) 12800 పెడితే గానీ రాని ఫోటో ఎఫ్ 2.8లో 3200కే వచ్చేస్తుంది.

ఐఎస్, వీఆర్, ఓఎస్ఎస్, ఓఐఎస్, వీసీ ఇవన్నీ స్టెబిలైజేషన్‌కి కంపెనీలు పెట్టుకున్న పేర్లు. ఇది మీ చేతి వణుకుని ఆపుతుంది, ఎదురుగా ఆడుకుంటున్న పిల్లాడిని ఆపదు. ఈ తేడా తెలీక స్టెబిలైజేషన్ ఉంది కదా ఎఫ్ 5.6 చాల్లే అనుకుని కొని బాధపడేవాళ్ళు చాలామంది.

ముందు రింగ్ మీద అడ్డగీత కొట్టిన సున్నా పక్కన 52, 58, 67, 77 లాంటి నంబర్ ఉంటే అది ఫిల్టర్ సైజు, ఫోకల్ లెంత్ కాదు.

## 4. టేపు పెట్టి దూరం కొలవండి

ఈ ఒక్క లెక్క వస్తే ఇంకెవర్నీ అడగాల్సిన పనుండదు.

సెన్సార్ మీద పడే బొమ్మ సైజు = ఫోకల్ లెంత్ × వస్తువు సైజు ÷ దూరం. మరీ దగ్గరి మాక్రోకి తప్ప మిగతా అన్నిటికీ సరిపోతుంది.

పిచ్చుక సైజు పక్షి, తోకతో కలిపి 15 సెంటీమీటర్లు, 10 మీటర్ల దూరంలో కూర్చుంది. మీ దగ్గర 300 ఉంది. 300 × 0.15 ÷ 10 అంటే 4.5 ఎంఎం. క్రాప్ సెన్సార్ వెడల్పు సుమారు 23.5 ఎంఎం, అంటే పక్షి ఫ్రేమ్‌లో అయిదో వంతు కూడా నిండలేదు. 600 పెడితే 9 ఎంఎం, అప్పుడు రెక్కల గీతలు కనిపిస్తాయి. లేదా 300తోనే 5 మీటర్లకి వెళ్ళగలిగితే అదే 9 ఎంఎం, పైసా ఖర్చు లేకుండా.

ఇప్పుడు మనిషి. నిలువు ఫ్రేమ్‌లో నడుము నుంచి తల దాకా అంటే ఒక 0.9 మీటరు పట్టాలి. క్రాప్ బాడీ మీద 50 పెడితే సుమారు 1.9 మీటర్ల దూరం కావాలి, మామూలు గదిలో కుదిరిపోతుంది. అదే బాడీ మీద 85 పెట్టి మనిషి మొత్తాన్ని తల పైన కాస్త ఖాళీతో, అంటే 2.1 మీటర్ల ఫ్రేమ్‌లో తీయాలంటే ఏడున్నర మీటర్లు వెనక్కి వెళ్ళాలి. ఇంట్లో గోడ అడ్డొస్తుంది. క్రాప్ బాడీకి 85 కొని ఇంట్లో వాడలేక అమ్ముకునేవాళ్ళ కథంతా ఇదే.

మీరు ఎక్కువగా ఫోటోలు తీసే చోటికి వెళ్ళి ఎంత దూరం నుంచి తీస్తున్నారో నిజంగా కొలిచి రాసుకోండి. అడుగులు లెక్కపెట్టినా చాలు.

## 5. ఏ రకం ఫోటోలకి ఏది

మనుషులు, పోర్ట్రెయిట్లు. ఫుల్ ఫ్రేమ్‌కి 85, క్రాప్‌కి 50 లేదా 56, ఎఫ్ 1.8 చాలు. ముక్కు పెద్దగా రావడం లెన్స్ తప్పు అనుకుంటారు గానీ అది దూరం వల్ల, వైడ్ లెన్స్ పెడితే ఫ్రేమ్ నింపడానికి మొహం మీదకి వెళ్ళిపోతారు కదా, అక్కడ ముక్కు కెమెరాకి దగ్గరై చెవులు దూరమై అలా వస్తుంది. మొహాలు తీసేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు దూరం ఉంచండి, ఏ లెన్సైనా సరే.

గ్రూప్ ఫోటోకి మాత్రం 16, 18 లాంటివి వాడకండి, చివర్లో నిలబడ్డవాళ్ళ మొహాలు సాగిపోతాయి. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి ఫుల్ ఫ్రేమ్ మీద 35 లేదా 50, క్రాప్ మీద 24 లేదా 35తో తీయండి.

స్టేజ్, ఇండోర్ ప్రోగ్రాములు. డాన్స్ ఫోటోలో కదలిక ఆగాలంటే కనీసం 1/250 సెకను షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) కావాలి, చేతులు తిప్పుతుంటే 1/500. హాల్లో లైట్లు ఎఫ్ 5.6కి చాలవు. బాగా ముందు వరసలో కూర్చోగలిగితే 85 ఎఫ్ 1.8, చోటు మన చేతుల్లో లేకపోతే 70-200 ఎఫ్ 2.8. ఈ 70-200 దాదాపు కిలో, కొన్ని కిలోన్నర బరువు, రెండు గంటలు చేత్తో పట్టుకోగలరా లేదా అని ముందు అద్దెకి తీసుకుని చూడండి. ఇండోర్ ఆటలకీ ఇదే మాట.

పక్షులు, జంతువులు. క్రాప్ బాడీ మీద 400 అనేది మొదటి మెట్టు, 100-400 లేదా 150-600 జూమ్‌లు ఎక్కువమందికి సరిపోతాయి. ఎగిరే పక్షికి 1/2000, కూర్చున్న పక్షికి 1/500 దగ్గర మొదలుపెట్టండి. టెలీకన్వర్టర్ (లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టి ఫోకల్ లెంత్ పెంచేది) పెడితే అందుతుంది గానీ 1.4 ఎక్స్ ఒక మెట్టు వెలుతురు తినేస్తుంది, 2 ఎక్స్ రెండు మెట్లు, దాంతో ఎఫ్ 5.6 కాస్తా ఎఫ్ 11 అయిపోయి చాలా డీఎస్ఎల్ఆర్‌లలో ఆటోఫోకస్ తడబడుతుంది లేదా ఆగిపోతుంది.

ఇంకోటి, ఎండ ముదిరాక దూరం నుంచి తీస్తే నేల మీద నుంచి లేచే వేడి గాలి వల్ల ఫోటో మెత్తగా వస్తుంది. ఎంత పెద్ద లెన్స్ పెట్టినా అంతే. లెన్స్‌ని తిట్టుకునే ముందు పొద్దున్నే అదే ఫోటో తీసి చూడండి.

ప్రకృతి దృశ్యాలు. ఇక్కడ ఎఫ్ 1.4, 2.8ల మీద డబ్బు పెట్టక్కర్లేదు, ఎలాగూ ట్రైపాడ్ మీద ఎఫ్ 8, ఎఫ్ 11లోనే తీస్తారు. బరువు తక్కువ ఉన్న ఎఫ్ 4 జూమ్ కొని మిగిలింది మంచి ట్రైపాడ్‌కి పెట్టండి. ఎఫ్ 16 దాటితే మొత్తం షార్ప్ వస్తుందనుకుంటారు గానీ డిఫ్రాక్షన్ (సన్న రంధ్రంలోంచి వెళ్ళే కాంతి చెదరడం) వల్ల ఫోటో అంతా కాస్త మెత్తబడుతుంది.

మరీ వైడ్ కొనేముందు ఆలోచించండి, 14-16లో దూరంగా ఉన్న కొండ చీమంత అయిపోతుంది, కాళ్ళ ముందు రాయో పువ్వో లేకపోతే ఫ్రేమ్ అంతా ఖాళీ. కొండలు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు రావాలంటే 70-200 పెట్టాలి. ముందు అద్దం ఉబ్బెత్తుగా ఉన్న అల్ట్రా వైడ్‌లకి తిప్పి పెట్టే ఫిల్టర్లు ఎక్కవు, ఎక్కిన వాటి మీద కూడా పోలరైజర్ (ఆకాశం రంగు ముదురు చేసే ఫిల్టర్) వాడితే ఆకాశం ఒక పక్క నల్లగా ఒక పక్క తెల్లగా పడుతుంది.

మాక్రో. జూమ్ లెన్స్ మీద "మాక్రో" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి, స్పెసిఫికేషన్‌లో 1:1 ఉందా చూడండి. 1:1 అంటే 2 సెంటీమీటర్ల పురుగు సెన్సార్ మీద కూడా 2 సెంటీమీటర్లే పడుతుంది. చాలా జూమ్‌లు 1:3, 1:4 దగ్గరే ఆగిపోతాయి.

కనీస ఫోకస్ దూరం సెన్సార్ నుంచి కొలుస్తారు, లెన్స్ కొస నుంచి కాదు. 100 ఎంఎం మాక్రోకి 30 సెంటీమీటర్లు అని రాసి ఉంటే 1:1లో లెన్స్ కొసకీ పురుగుకీ మధ్య మిగిలేది సుమారు 13-15 సెంటీమీటర్లు. 60 అయితే 10 లోపే, లెన్స్ నీడ పురుగు మీద పడుతుంది, సీతాకోకచిలుక లేచి పోతుంది. పూలకీ వస్తువులకీ 60 చాలు, ప్రాణమున్న వాటికి 90-105 తీస్కోండి.

1:1లో ఎఫ్ 8 పెట్టినా షార్ప్‌గా ఉండే మందం ఒక మిల్లీమీటరు కూడా సరిగ్గా ఉండదు. ఈగ కన్ను ఫోకస్‌లో ఉంటే రెక్క ఉండదు. పైగా ఆ దగ్గరలో రెండు మెట్ల వెలుతురు తగ్గిపోతుంది, కాబట్టి మాక్రోకి బడ్జెట్ వేసేటప్పుడు ఫ్లాష్ కూడా కలిపే లెక్కేసుకోండి. ఇష్టం నిలుస్తుందో లేదో తెలీకపోతే ముందు 50కి ఒక 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) పెట్టండి, దాదాపు 1:2 వస్తుంది. కాంటాక్ట్ పిన్నులు ఉన్న ట్యూబే తీస్కోండి, లేకపోతే కెమెరా నుంచి అపర్చర్ మార్చలేరు.

ప్రయాణాలు, వీధులు. బరువే ముఖ్యం. ఒక్క లెన్స్ చాలనుకుంటే క్రాప్‌కి 18-135, ఫుల్ ఫ్రేమ్‌కి 24-105.

రాత్రి ఆకాశం. వైడ్‌గా ఉండాలి, ఎఫ్ 2.8 గానీ అంతకంటే తెరుచుకునేది గానీ కావాలి. నక్షత్రాలు గీతలవ్వకుండా ఎన్ని సెకన్లు పెట్టొచ్చంటే 500ని ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఫోకల్ లెంత్‌తో భాగించండి: 24కి సుమారు 20 సెకన్లు. మెగాపిక్సెల్స్ ఎక్కువున్న కెమెరాల్లో ఇంకా తగ్గించాలి. ఆటోఫోకస్ అవసరం లేదు కాబట్టి మాన్యువల్ లెన్స్ కొనుక్కుంటే డబ్బు మిగులుతుంది.

## 6. కొనకముందే వారం రోజులు వాడి చూడండి

ప్రైమ్ కొనాలనుకుంటే మీ కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెట్టి జూమ్ రింగ్‌కి పేపర్ టేప్ అంటించండి. వారం రోజులు అలాగే తీయండి. మాటిమాటికీ టేప్ పీకాలనిపించి ముందుకి జూమ్ చేయాలనిపిస్తే మీకు 50, వెనక్కి అనిపిస్తే 24. అసలు టేప్ సంగతే మర్చిపోతే 35 మీదే.

పెద్ద టెలిఫోటోలు, ఎఫ్ 2.8 జూమ్‌లు అయితే అద్దెకి తీసుకోకుండా కొనొద్దు. రెండు రోజుల అద్దె పోయినా పర్లేదు.

## 7. సెకండ్ హ్యాండ్ అయితే ఇవి చూడండి

వెళ్ళేటప్పుడు మీ కెమెరా, ఖాళీ కార్డు, ఒక చిన్న టార్చ్ పట్టుకెళ్ళండి.

- లెన్స్ రెండు క్యాపులూ తీసి వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్, పొగ పట్టినట్టుంటే హేజ్. రెండింట్లో ఏదున్నా వదిలేయండి.
- లోపల రెండు మూడు దుమ్ము చుక్కలుంటే భయపడక్కర్లేదు, ఫోటోలో కనపడవు.
- ముందు అద్దం మీద సన్న గీత కంటే వెనక అద్దం మీద గీత ప్రమాదం.
- అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తోందా, రేకులు టక్కున మూసుకుంటున్నాయా.
- ఫిల్టర్ రింగ్ సొట్ట పడిందంటే కింద పడిన లెన్స్ అని లెక్క.
- జూమ్, ఫోకస్ రింగులు తిప్పితే ఎక్కడైనా ఇసుక గీసినట్టు పట్టేస్తోందా.
- మౌంట్ స్క్రూల తల అరిగిపోయుంటే ఎవరో విప్పారన్నమాట.
- స్టెబిలైజేషన్ ఆన్, ఆఫ్ చేసి రెండిట్లో తీసి చూడండి.

అమ్మేవాళ్ళు తొందరపెడితే ఆ రోజు కొనొద్దు.

## 8. ఎక్కువగా చేసే తప్పులు, సరిచేసుకునే దారి

ఎఫ్ 1.8 ఉంది కదా అని ఎప్పుడూ అక్కడే తీయడం. ఫుల్ ఫ్రేమ్ మీద 85, 2 మీటర్ల దూరం, ఎఫ్ 1.8 అయితే షార్ప్‌గా ఉండేది దాదాపు 6 సెంటీమీటర్లు. తల కాస్త తిప్పితే ఒక కన్ను ఫోకస్‌లో ఉండి ఇంకోటి పోతుంది. ఇద్దరుంటే ఎఫ్ 4కి రండి, ఇద్దర్నీ ఒకే వరసలో నిలబెట్టండి.

షట్టర్ మర్చిపోవడం. చేత్తో తీసేటప్పుడు కనీసం 1/ఫోకల్ లెంత్, క్రాప్ అయితే గుణించాక వచ్చిన నంబర్. క్రాప్ మీద 200 అంటే 1/300 పైన.

ముందు అద్దం కాపాడాలని చవక యూవీ ఫిల్టర్ పెట్టడం. రాత్రి వీధి దీపాలు తీస్తే ఫోటోలో ఆకుపచ్చ చుక్కలు తేలుతుంటే ముందు అది పీకి మళ్ళీ తీయండి. దెబ్బల నుంచి కాపాడటానికి హుడ్ (లెన్స్ ముందు బిగించే గొట్టం) చాలు, అదీ రివర్స్‌లో కాకుండా సరిగ్గా బిగించి.

బ్యాగులో పడేసి మర్చిపోవడం. ఫంగస్ చీకట్లో తేమలో పెరుగుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి తేమ 40-50 శాతం మధ్య ఉంచండి, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పక్కన పెట్టండి. అన్నిటికంటే మంచి మందు వారానికోసారి బయటికి తీసి వాడటం.

## 9. కొత్త లెన్స్ చేతికొచ్చిన రోజు

రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో క్యాలెండర్‌లో రాసుకుని, గడువు లోపే ఈ టెస్ట్ చేయండి.

న్యూస్‌పేపర్ రెండు పేజీలు విప్పి గోడకి నాలుగు మూలలా అంటించండి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి గోడకి నేరుగా, ఏ పక్కకీ వాలకుండా చూసుకోండి. స్టెబిలైజేషన్ ఆఫ్, 2 సెకన్ల టైమర్ ఆన్, అపర్చర్ మొత్తం తెరవండి. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఫోకస్ చేసి తీయండి. జూమ్ అయితే ఈ కొస, మధ్య, ఆ కొస మూడు చోట్లా తీయండి.

ఇప్పుడు 100 శాతం జూమ్ చేసి నాలుగు మూలల అక్షరాలు పోల్చండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే ఆ లెన్స్ స్వభావమే అంత, ఎఫ్ 5.6, ఎఫ్ 8కి వెళ్తే చాలావరకు సర్దుకుంటుంది. ఒక మూలే అలికినట్టుండి మిగతా మూడూ బాగుంటే కెమెరా వాలిందేమో అని మళ్ళీ సరిచేసి తీయండి, ఆ తర్వాత కూడా అదే మూల అలాగే వస్తే లోపలి అద్దం పక్కకి జరిగిందన్నమాట, దాన్ని మనం ఏం చేయలేం, మార్పించుకోవాల్సిందే.

డీఎస్ఎల్ఆర్ వాళ్ళు ఇంకో పని చేయాలి. అదే పేపర్‌ని వ్యూఫైండర్‌లోంచి ఫోకస్ చేసి ఒకటి, లైవ్ వ్యూలో ఒకటి, అయిదేసి సార్లు తీయండి. వ్యూఫైండర్‌వి ప్రతిసారీ మెత్తగా వస్తుంటే లెన్స్ ఫోకస్ ముందుకో వెనక్కో పడుతోంది. మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ లేదా మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటే అయిదు పాయింట్లు మార్చి మళ్ళీ తీయండి. ఆ ఆప్షన్ లేని బాడీ అయితే, తేడా బాగా కనిపిస్తుంటే, తీసిన ఫోటోలు చూపించి గడువు లోపే వేరే లెన్స్ అడగండి.